ఎర్లీ మార్నింగ్ పైప్: ఘాటు తక్కువ, రుచి నిండు

ఘాటు తక్కువైతే రుచీ తక్కువేనన్న నమ్మకం పొగాకు అలవాటున్నవారిలో బలంగా ఉంది. చుట్టకు అలవాటు పడిన మనవాళ్లలో అది మరీ గట్టిది. నాలుగు దమ్ములకు తల తిరిగితేనే సరుకు మంచిదంటారు. ఆ మాట తప్పని నాకు తెలియజెప్పింది ఎర్లీ మార్నింగ్ పైప్ అనే పైపు పొగాకు మిశ్రమం. కొన్నేళ్లుగా పొద్దున్న కాల్చే పైపులోకి ఇదే వాడుతున్నాను. కొత్త డబ్బా, ఏళ్లు నిలవున్న డబ్బా, బ్రయర్ చెక్క పైపు, మొక్కజొన్న కండెతో చేసిన పైపు, ఎండాకాలం, మంచు కురిసే కాలం, అన్నింటిలోనూ చూశాకే రాస్తున్నాను.

దీని పుట్టిల్లు లండన్. ఆల్ఫ్రెడ్ డన్‌హిల్ 1907లో డ్యూక్ స్ట్రీట్‌లో పొగాకు దుకాణం తెరిచాడు. వచ్చినవారి ఇష్టం కనుక్కుని, దానికి తగిన పాళ్లలో ఆకులు కలిపి, ఆ పాళ్లను నంబరు వేసి పుస్తకంలో రాసుకునేవారు. ఆ దుకాణపు మరో మిశ్రమం మై మిక్స్చర్ 965 పేరులోని అంకె అక్కడిదే. ఆ తరవాత తయారీ చాలా చేతులు మారింది. 1981 నుంచి బెల్‌ఫాస్ట్‌లోని మరేస్ కర్మాగారంలో చేశారు, అది మూతపడ్డాక డెన్మార్క్‌కు వెళ్లింది. 2018లో డన్‌హిల్ పేరుతో పైపు పొగాకు రావడం ఆగిపోయింది. మరుసటి ఏడాది అవే మిశ్రమాలు పీటర్సన్ పేరుతో తిరిగి వచ్చాయి. పీటర్సన్ అంటే డబ్లిన్‌లో పైపులు చేసే పాత సంస్థ. ఇప్పుడు అమెరికాలో నాకు దొరుకుతున్న 50 గ్రాముల గుండ్రటి డబ్బా మీద ఉండేది ఆ పేరే.

ఇది ఇంగ్లిష్ మిశ్రమం. ఆ మాట అన్నప్పుడు పైపు వాడేవారు అనుకునేది లతాకియా అనే పొగ పట్టిన ఆకు కలిసిన పొగాకు. వనిల్లా, చెర్రీ, చాక్లెట్ పరిమళాలు అద్దిన పొగాకు వేరే వర్గం. ఇందులో రుచంతా ఆకుదే. ఆకులు మూడు రకాలు: వర్జీనియా, ఓరియంటల్, లతాకియా.

వర్జీనియా గురించి మాకు ఒకరు చెప్పనక్కరలేదు. మాది ఒంగోలు వైపు పల్లె, పొగాకు మీద బతికిన ఇల్లు. కర్రలకు ఆకు కట్టి బ్యారన్‌లోకి, అంటే ఆకును వేడితో ఆరబెట్టే కొట్టంలోకి ఎక్కించాక మొదట సన్నని వేడిలో ఆకు పచ్చదనం పోయి పసుపు తిరగాలి. ఆ తరవాత వేడి పెంచి రంగు నిలపాలి. చివర ఈనె ఎండడానికి 70 డిగ్రీల దాకా తీసుకెళ్లాలి. ఇదంతా అయ్యేసరికి దాదాపు వారం పడుతుంది. పసుపు తిరిగే దశలో ఆకులోని పిండి పదార్థం చక్కెరగా మారుతుంది, తరవాతి వేడి ఆ చక్కెరను అక్కడే ఆపేస్తుంది. వర్జీనియా పొగలోని తీపికి మూలం అదే. నాలుక కాలడానికీ చాలావరకు అదే మూలమని పైపు పట్టాక తెలిసింది.

ఓరియంటల్ టర్కీ, గ్రీసు ప్రాంతాల ఆకు. చిన్నగా ఉంటుంది, ఎండలో ఆరబెడతారు. పొగలో కాస్త పులుపు, కాస్త పొడిదనం, ధూపం లాంటి పరిమళం దానివి. లతాకియా కూడా అదే కుటుంబం ఆకే. కాకపోతే ఎండలో ఆరాక దాన్ని కట్టెల పొగలో నల్లబడేదాకా వేలాడదీస్తారు. సిరియాలోని రేవు పట్టణం పేరే దానికీ ఉండిపోయింది. ఇప్పుడు పైపు మిశ్రమాల్లో ఎక్కువగా కనిపించేది సైప్రస్ లతాకియా. చూడటానికి తారులా నల్లగా, వాసనకు మొండిగా ఉన్నా లతాకియాలో నికోటిన్ తక్కువే. తెలియనివారు దీని వాసన చూసి ఇదేదో తలకెక్కే సరుకని భయపడతారు. నిజానికి మిశ్రమంలో బలం చాలావరకు వర్జీనియా నుంచే వస్తుంది.

డబ్బా మూత తీయగానే ముక్కుకు తగిలేది లతాకియా పొగ వాసనే. అది మీద పడి మిగతావాటిని తొక్కేయదు. పొద్దంతా దాలి మీద కాగిన పాల మీగడకు పట్టే పొగ కమ్మదనం గుర్తుంటే, ఇందులో లతాకియా వాటా ఎంతో మీకు అర్థమవుతుంది. ఒక నిమిషం ఆగి మళ్లీ వాసన చూస్తే దాని వెనక పులుపు, ఆ వెనక ఎండుగడ్డి తీపి తెలుస్తాయి. లేత పసుపు, గోధుమ, నలుపు పోగులు సన్నగా కోసి కలగలిపి ఉంటాయి. నలుపు పోగులు మిగతా రంగుల మధ్య అక్కడక్కడ మెరుస్తాయి తప్ప డబ్బా అంతా నల్లగా ఉండదు.

పైపు పొగాకును సాధారణంగా తేమతోనే డబ్బాలో పెడతారు. దాన్ని అలాగే నింపి కాలిస్తే పొగతో పాటు ఆవిరీ నోట్లోకి వస్తుంది, పైపు గొంతులో నీళ్లు గుడగుడలాడతాయి, రుచి చప్పబడుతుంది. అందుకే రేపటి పైపుకు సరిపడా పొగాకును రాత్రే తీసి కాగితం మీద పలచగా పరుస్తాను. ఎండాకాలమైతే పొద్దున్న తీసినా చాలు, కాఫీ తాగేలోగా ఆరిపోతుంది. ఆరిందో లేదో వేళ్లే చెబుతాయి. చిటికెడు తీసుకుని గట్టిగా నొక్కి వదిలితే పోగులు వాటంతట అవే విచ్చుకోవాలి. ముద్దలా ఉండిపోతే ఇంకా తడి ఉన్నట్టు. పొడిగా నలిగితే ఆరడం ఎక్కువైనట్టు. ఈ మిశ్రమానికి ఆ రెండింటి మధ్య ఉన్న స్థితి చాలా ఇరుకు. వర్జీనియా పాలు ఎక్కువ కాబట్టి, అతిగా ఆరితే మంట వేడెక్కి తీపి పోతుంది.

నింపేటప్పుడు అడుగున వదులుగా, పైన కాస్త బిగువుగా ఉండాలి. పీల్చి చూస్తే గాలి అడ్డు లేకుండా రావాలి, కానీ ఖాళీగొట్టం పీల్చినట్టు ఉండకూడదు. మొదటి అగ్గిపుల్లకు పోగులు పైకి లేస్తాయి. వాటిని మెల్లగా అదిమి రెండో పుల్ల గీయాలి. అప్పుడు నిప్పు పైన అంతటా పరుచుకుంటుంది. సన్నని పోగు కావడంతో ఇది తేలిగ్గా అంటుకుంటుంది, పైపు పట్టడం కొత్తవారికి ఇదొక మేలు. ఆ తేలికే తొందరపెడుతుంది కూడా. ఆబగా పీలిస్తే పొగ వేడెక్కి వర్జీనియా చక్కెర నాలుకను కాలుస్తుంది, ఓరియంటల్ ఎక్కడా దొరకదు. ఊపిరి తీసి వదిలినంత నిదానంగా పీలిస్తేనే దీని అసలు రుచి. పొగను లోపలికి మింగే పని లేదు. నోట్లో ఉంచి వదలడమే.

అలా కాలిస్తే మొదటి భాగంలో లతాకియా ముందుంటుంది. కమ్మటి పొగ రుచి, నాలుక మీద కాస్త నూనె పట్టినట్టు నునుపు. పది నిమిషాలకు అది వెనక్కి తగ్గుతుంది. అక్కడి నుంచి సగం దాకా నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం. వర్జీనియా తీపి, దాని అంచున ఓరియంటల్ పులుపు ఒకదాన్నొకటి మోస్తూ వస్తాయి. ముక్కు గుండా కాస్త పొగ వదిలితే ఆ పులుపు స్పష్టంగా తెలుస్తుంది, నోటికి మాత్రం అది సగమే అందుతుంది. చాలామంది దీన్ని చప్పగా ఉందని తీసేయడానికి కారణం ఇదేనని నా ఉద్దేశం. పొగను నోట్లోనే చూసి వదిలేస్తారు. చివరి భాగంలో మాత్రం రుచి ఒకే తీరున సాగుతుంది, కొత్తగా ఏదీ రాదు. అయితే చేదెక్కదు. ఆకు బాగా ఆరి ఉంటే అడుగుదాకా తెల్లటి బూడిదగా కాలిపోతుంది.

దీన్ని అదే ఇంటి ఇతర మిశ్రమాల పక్కన పెట్టి చూడాలి. 965 ఇంతకంటే బరువైనది, దాని తీపిలో ముదురుదనం ఉంటుంది. భోజనం తరవాత బాగుంటుంది. నైట్‌క్యాప్‌లో లతాకియా ఎక్కువ. పైగా లూసియానాలో పీపాల్లో అదిమి పులియబెట్టే పెరిక్ ఆకు కలుస్తుంది, నికోటిన్ కూడా గట్టిగానే ఉంటుంది. ఖాళీ కడుపుతో దాన్ని పట్టుకుంటే వాంతి వచ్చినట్టవుతుంది. ఎర్లీ మార్నింగ్ పైప్ ఉప్మానో ఇడ్లీయో తిని పట్టుకుంటే కడుపులో తిప్పదు, తల దిమ్మెక్కదు. పేరుకు తగిన పొగాకు. సాయంత్రం, మసాలా భోజనం అయ్యాక మాత్రం దీన్ని ముట్టుకోను. అప్పటికే నాలుక అలసిపోయి ఉంటుంది, ఈ సన్నదనం దానికి అందదు. పక్కన కాఫీ ఉంటే చక్కెర లేని డికాక్షన్ మేలు. పాలు, చక్కెర కలిసిన కాఫీ ఓరియంటల్‌ను పూర్తిగా మింగేస్తుంది.

ఏ పైపులో అన్నది కూడా ముఖ్యమే. లతాకియా వాసన చెక్కకు పట్టి వదలదు. పరిమళాలు అద్దిన పొగాకు కాల్చిన పైపులో దీన్ని వేస్తే రెండింటి రుచీ పాడవుతుంది. పొగాకు నింపే గిన్నె చిన్నగా ఉన్న బ్రయర్ పైపు ఒకటి దీనికి విడిగా పెట్టుకున్నాను. పెద్ద గిన్నెలో చివరి భాగం సాగి విసుగొస్తుంది. మిస్సోరీలో 1869 నుంచి తయారవుతున్న కండె పైపుల్లో మొదటి సగం చక్కగా వస్తుంది. కండె తేమను పీల్చుకుంటుంది కాబట్టి పొగ చల్లగా, పొడిగా ఉంటుంది. కానీ ఓరియంటల్ పరిమళం బ్రయర్‌లో తెలిసినంత విడిగా తెలియదు. కొత్తగా చూడాలనుకునేవారికి ఖరీదు దృష్ట్యా కండె పైపే చాలు.

గదిలో వాసన సంగతి దాచనక్కరలేదు. వనిల్లా పొగాకు వాసన పక్కవారికి నచ్చవచ్చు, లతాకియా నచ్చదు. తెరలకు, ఉన్ని బట్టలకు పట్టి మర్నాటి దాకా ఉంటుంది. మా ఇంట్లో దీన్ని కాల్చే చోటు పెరట్లోని మెట్లు మాత్రమే. అది న్యాయం కూడా. పక్కవారు పీల్చే పొగ వారికి చెరుపు చేస్తుంది. మృదువు అన్న మాట రుచికీ నికోటిన్‌కూ చెందినది తప్ప ఆరోగ్యానికి కాదు. పొగ మింగకపోయినా నోటి క్యాన్సర్, గొంతు క్యాన్సర్ ముప్పు పైపుతో ఉంటుంది. పొగాకు అలవాటే లేనివారు ఈ సమీక్ష చదివి మొదలుపెట్టవద్దని గట్టిగా కోరుతున్నాను. ఉన్నవారికే ఈ మాటలు.

ఇక నిలవ. మూత బిగుతుగా ఉన్న డబ్బాలో ఏళ్లు గడిచేకొద్దీ వర్జీనియా ముదిరి తీపి గుండ్రబడుతుంది, లతాకియా వాసన నెమ్మదిగా తగ్గుతుంది. బరువైన మిశ్రమానికి ఆ తగ్గుదల మేలు చేయవచ్చు. ఇందులో మొదటే కొద్దిగా ఉన్న లతాకియా మరీ తగ్గితే సమతూకం మారిపోతుంది. నా దగ్గరున్న పాత డబ్బాల్లో రెండు మూడేళ్లవి అద్భుతంగా ఉన్నాయి. తీపి పెరిగింది, పొగ కమ్మదనం ఇంకా మిగిలి ఉంది. అంతకంటే పాతదాంట్లో మంచి వర్జీనియా మిగిలింది కానీ నేను కోరుకున్న మిశ్రమం మిగలలేదు. తెరిచిన డబ్బాలోని పొగాకు వెంటనే రబ్బరు అంచు మూత ఉన్న గాజు సీసాలోకి మార్చాలి. లేకపోతే రెండు వారాల్లో గలగలలాడుతుంది. కొనేవారు రెండు డబ్బాలు తీసుకుని ఒకటి తెరవండి, రెండోదాని అడుగున కొన్న నెల, సంవత్సరం రాసి చీకటిగా, చల్లగా ఉండే అరలో పెట్టండి.