టెయిల్‌స్కేల్ రివ్యూ: అడ్రసు చిక్కు తీరుస్తుంది, కాఫ్కా సెట్టింగ్ మాత్రం మీరే మార్చుకోవాలి

ఆఫీసులో ఒక సర్వరు, ఇంట్లో ఒకటి, క్లౌడ్‌లో ఒకటి. మూడింటినీ కలిపి ఒక యాప్ నడపాలంటే మొదట అడ్డుపడేవి అడ్రసులే. 192.168.1.20 అంటే ఆఫీసులో ఒక మెషీన్, ఇంట్లో ఇంకొకటి. పైగా ఇంటి రౌటర్ వ్యాన్ (బయటి ఇంటర్నెట్ వైపు) పేజీలో 100.64 నుంచి 100.127 మధ్య అడ్రసు కనబడిందంటే మీరు సీజీనాట్ (ఇంటర్నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ అడ్రసుని చాలామందికి పంచే ఏర్పాటు) వెనక ఉన్నట్టే. పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత పెట్టినా బయటివాళ్లు లోపలికి రాలేరు.

టెయిల్‌స్కేల్ అంటే మీ మెషీన్లన్నిటినీ ఒకే ప్రైవేటు నెట్‌వర్క్‌గా కలిపే వీపీఎన్. ప్రతి మెషీన్‌కూ 100.64.0.0/10 (పైన చెప్పిన 100.64 - 100.127 రేంజే) లోంచి ఒక అడ్రసు ఇస్తుంది. మెషీన్ ఏ నెట్‌వర్క్‌కి మారినా అడ్రసు అదే. కింద నడిచేది వైర్‌గార్డ్ అనే ఎన్‌క్రిప్టెడ్ టన్నెల్. వీలైతే నేరుగా యూడీపీలో కలుపుతుంది, కుదరకపోతే డెర్ప్ రిలే (మధ్యవర్తి సర్వరు) మీదుగా. 'టెయిల్‌స్కేల్ పింగ్' జవాబులో 'వయా డెర్ప్' అనే వస్తూ ఉంటే ఫైర్‌వాల్‌లో 41641 యూడీపీ తెరిచి చూడండి. రిలే మీద డేటాబేస్ రెప్లికేషన్ నత్తనడకే.

అసలు మెలిక యాప్‌లో ఉంటుంది. కాఫ్కాకి (యాప్‌ల మధ్య మెసేజులు మోసే సాఫ్ట్‌వేర్) బూట్‌స్ట్రాప్ అడ్రసుగా, అంటే క్లయింట్ మొదట తట్టే అడ్రసుగా, 100.x ఇస్తే కనెక్ట్ అవుతుంది. మరుక్షణమే బ్రోకర్ (కాఫ్కా సర్వరు) మెటాడేటాలో 'నేను 192.168.1.20:9092 దగ్గరున్నా' అంటుంది. క్లయింట్ ఆ అడ్రసుకి పోయి టైమౌట్ అవుతుంది. మెసేజ్ లోపల రాసిన అడ్రసుని టెయిల్‌స్కేల్ ముట్టుకోదు, ముట్టుకోకూడదు కూడా. అడ్వర్టైజ్డ్ లిజనర్స్‌లో (బ్రోకర్ క్లయింట్లకి చెప్పే అడ్రసు సెట్టింగ్) మ్యాజిక్ డీఎన్ఎస్ పేరు, అంటే మెషీన్‌కి టెయిల్‌స్కేల్ ఇచ్చే పేరు, పెట్టండి. ఆఫీసులో టెయిల్‌స్కేల్ లేని క్లయింట్లూ ఉంటే రెండు లిజనర్లు కావాలి: ఆఫీసు నెట్‌వర్క్ లోపలివాళ్లకి 9092, టెయిల్‌స్కేల్ మీదుగా వచ్చేవాళ్లకి 9094 అనుకోండి. మల్టీకాస్ట్ (ఒకేసారి అందరికీ వేసే కేక) టెయిల్‌స్కేల్ మీదుగా దాటదు కాబట్టి, దాని మీద నడిచే ఎండీఎన్ఎస్‌తో తోటి నోడ్లని వెతుక్కునే క్లస్టర్లకి సీడ్ లిస్టు (మొదట పలకరించాల్సిన నోడ్ల అడ్రసులు) చేత్తో ఇవ్వాల్సిందే.

సబ్‌నెట్ రౌటర్ (తన వెనకున్న నెట్‌వర్క్‌ని టెయిల్‌స్కేల్‌కి అందించే మెషీన్) టెయిల్‌స్కేల్ ఎక్కించలేని ప్రింటర్లలాంటి వాటికి బాగుంటుంది. కానీ లైనక్స్‌లో మామూలుగా ఎస్‌నాట్ (పంపినవాళ్ల అడ్రసు బదులు రౌటర్ అడ్రసు పెట్టడం) ఆన్‌లో ఉంటుంది. లాగుల్లో అందరూ రౌటర్ అడ్రసుతోనే కనబడతారు, ఐపీని బట్టి పెట్టిన రేట్ లిమిట్ అందరికీ కలిపి పడుతుంది. ఎస్‌నాట్ తీసేస్తే తిరుగు రూటు మీరే రాసుకోవాలి.

ఒక్క విషయంలో మాత్రం మార్కులు కోయాల్సిందే. లైనక్స్‌లో టెయిల్‌స్కేల్ పెట్టే ఐపీటేబుల్స్ (ఫైర్‌వాల్) రూలు, 100.64.0.0/10 నుంచి వేరే ఇంటర్‌ఫేస్ మీద వచ్చే ప్యాకెట్లని పారేస్తుంది. కుబెర్నెటీస్ (కంటైనర్లని నడిపే సిస్టమ్) పాడ్లకి, అంటే అందులోని కంటైనర్ గుంపులకి, అదే రేంజ్ ఇచ్చి ఉంటే నిన్నటిదాకా నడిచిన సర్వీసు చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంది. అందుకే ఇన్‌స్టాల్‌కి ముందు ప్రతి నోడ్ మీదా 'ఐపీ రూట్' కొట్టి చూడండి; అక్కడ 100.64 కనబడితే ఆ నోడ్ జోలికి పోకండి, పక్కన వేరే మెషీన్‌ని సబ్‌నెట్ రౌటర్‌గా పెట్టుకోండి.