సన్యాసి పీతల ట్యాంకుకు వెచ్చదనం: దీపమా, అడుగు మ్యాటా, వెనుక మ్యాటా? ఏది మేలు?

నేల మీద బతికే సన్యాసి పీతలు, అంటే హెర్మిట్ క్రాబ్‌లు, మార్పు చెందిన మొప్పలతోనే గాలి పీలుస్తాయి. ఆ మొప్పలు తడిగా ఉన్నంతవరకే పని చేస్తాయి. ఆరిపోతే చుట్టూ గాలి ఎంత ఉన్నా పీతకు ఊపిరి ఆడదు. కాబట్టి వీటి ట్యాంకుకు హీటరు ఎంచుకునేటప్పుడు, అది వేడినిస్తూనే గాలిలోని తేమను ఎంతవరకు నిలవనిస్తుందన్నదే మొదట చూడవలసిన విషయం. ఉష్ణోగ్రత 24 నుంచి 29 డిగ్రీల సెల్సియస్ వరకు, గాలిలో తేమ 75 నుంచి 85 శాతం వరకు ఉంటే వీటికి హాయి. గదే ఏడాది పొడవునా ఆ వెచ్చదనంలో ఉంటే హీటరు అసలు అక్కర్లేదు. అవసరమైనవారి ముందు సాధారణంగా మూడు దారులుంటాయి: పైన వేలాడే దీపం, ట్యాంకు అడుగున పరిచే హీట్ మ్యాట్ (కరెంటుతో వేడెక్కే పలుచని పట్టీ), వెనుక గాజుకు అతికించే హీట్ మ్యాట్.

దీపం చూడడానికి ఇంపుగానే ఉంటుంది గానీ ఈ జీవికి సరిపడదు. దాని వేడి లోపలికి దిగాలంటే పైన జాలీ మూత ఉండాలి. జాలీ ఉన్నచోట తేమ నిలవదు. పైగా ఆవిరి అంతే ఉండి గాలి మాత్రం వేడెక్కితే తేమ శాతం దానంతటదే పడిపోతుంది. ఈ పీతలు రాత్రిపూట తిరిగేవి కనుక రాత్రంతా వెలుతురు ఉండడమూ మంచిది కాదు. వెలుతురు లేని సిరామిక్ హీటరు ఈ చివరి ఇబ్బందిని తీరుస్తుందే తప్ప ఆరబెట్టే గుణాన్ని మార్చదు.

అడుగు మ్యాట్ సంగతి అంత తేలికగా తేలదు, ఎందుకంటే పైకి అది సబబుగానే కనిపిస్తుంది. అయితే ఈ పీతలు కుబుసం విడవడానికి ఇసుకలోకి తవ్వుకుపోయి వారాల తరబడి, పెద్దవైతే నెలల తరబడి అక్కడే ఉండిపోతాయి. అందుకోసమే ఐదు పాళ్ల ఇసుకకు ఒక పాలు కొబ్బరి పొట్టు కలిపి, తడిపి, కనీసం 15 సెంటీమీటర్ల లోతున పరుస్తారు. అంత మందం దాటి వేడి పైకి రావడం కష్టం కనుక పైన గాలి చల్లగానే ఉండిపోతుంది, అడుగు మాత్రం కాగుతుంది. ఎండ తగిలిన పీత చల్లదనం కోసం కిందికి తవ్వుతుంది. అది దాని సహజ స్వభావం. అడుగున మ్యాట్ ఉంటే ఆ స్వభావమే దాన్ని వేడిలోకి తీసుకుపోతుంది. కుబుసం విడుస్తూ మెత్తబడి కదలలేని స్థితిలో ఉన్న పీత అక్కడి నుంచి తప్పుకోనూ లేదు. ట్యాంకుతో కలిపి అమ్మే కిట్లతో పాటు వస్తుందన్న ఒక్క సౌకర్యం కోసం ఈ ప్రమాదం తెచ్చుకోవడం సరికాదు.

ఇక మిగిలింది వెనుక మ్యాట్; నా ఓటు దీనికే. ఇసుక మట్టానికి పైన, గాజుకు బయటి వైపున అతికిస్తే అది నేరుగా గాలినే వేడి చేస్తుంది, పైన గాజు మూత ఉంచే వీలూ ఉంటుంది. ఒక కొసకు జరిపి అతికిస్తే రెండో కొస కాస్త చల్లగా మిగిలి, పీత తనకు నచ్చిన చోటు చూసుకుంటుంది. మ్యాట్‌కు థర్మోస్టాట్, అంటే వేడిని బట్టి దాన్ని ఆపి మళ్లీ వెలిగించే పరికరం, మాత్రం తప్పనిసరి. దాని ప్రోబ్‌ను, అంటే వేడిని కొలిచే తీగ కొసను, గాజుకు అంటుకునే రబ్బరు చూషకం (సక్షన్ కప్) మీదే వదిలేయకూడదు: చెమ్మకు చూషకం పట్టు వదులుతుంది, పీతలు ఆ తీగను పట్టుకుని ఎక్కుతాయి, ప్రోబ్ జారి నీళ్ల గిన్నెలో పడుతుంది. చల్లని నీటిని కొలుస్తున్న థర్మోస్టాట్ గాలి ఎంత కాగినా మ్యాట్‌ను ఆపదు. గది బాగా చలిగా ఉండే ఇళ్లలో ఒక్క మ్యాట్ చాలకపోవచ్చు. అప్పుడు గదినే కొంత వెచ్చబరచుకోవాలి.

కొలిచే పరికరాల్లో ముల్లు తిరిగే గుండ్రటి మీటరు చవక, అంతకు మించి దాని గురించి చెప్పుకోవడానికేమీ లేదు. ముల్లు ఒకచోట ఇరుక్కుపోయి ఉన్నా అది పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. ప్రోబ్ ఉన్న డిజిటల్ మీటర్లు రెండు కొని, వెచ్చటి కొసన ఒకటి, చల్లటి కొసన ఒకటి, పీతలు తిరిగే ఎత్తులోనే అమర్చడం మేలు. ఫోనుకు కబురు పంపే సెన్సరు తరచూ ఊరు వెళ్లేవారికి, రాత్రిపూట వేడి ఎంత పడిపోతోందో గ్రాఫ్‌లో చూడాలనుకునేవారికి నిజంగా ఉపయోగం. మిగతావారికి తప్పనిసరేమీ కాదు. గాజు మీద చెమ్మ పట్టిందని మీటరు చూడడం మానేయకూడదు, ఎందుకంటే గాజు చల్లగా ఉంటే లోపల తేమ చాలకపోయినా చెమ్మ పడుతుంది.

ఏ డిజిటల్ మీటరునైనా ఉప్పుతో పరీక్షించవచ్చు. సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేంత మాత్రమే నీళ్లు చిలకరించి, మీటరుతో పాటు గాలి చొరని డబ్బాలో రాత్రంతా ఉంచితే లోపలి తేమ 75 శాతం దగ్గర నిలుస్తుంది. మీటరు 71 చూపితే ఇకపై దాని అంకెకు 4 కలిపి చదువుకోవాలి. నిత్యం చెమ్మలో ఉండే సెన్సరు కాలక్రమేణా గురి తప్పుతుంది కాబట్టి కొన్ని నెలలకొకసారి ఈ పరీక్ష మళ్లీ చేసి, తేడా మరీ పెరిగిపోతే మీటరు మార్చేయడం మంచిది.