బ్రేకింగ్ బ్యాడా, ది వైరా? ఒక్కటే చూడగలిగితే ఏది మేలు?

మంచి ఇంగ్లిష్ సిరీస్ ఏదైనా చెప్పమని అడిగేవాళ్లు చివరికి వచ్చి ఆగే ప్రశ్న ఇదే: బ్రేకింగ్ బ్యాడ్ చూడాలా, ది వైర్ చూడాలా? రెండూ చూడండి అనడం తేలిక. కానీ మొదటిది 62 ఎపిసోడ్లు, రెండోది 60, ఒక్కోటీ దాదాపు గంట. పనులున్నవాళ్లకి రెండూ పూర్తి చెయ్యాలంటే నెలలు పడుతుంది. అందుకని ఒక్కదానికే తీరిక ఉందనుకుని మాట్లాడుకుందాం. ముగింపులు చెప్పను, మధ్యలో ఏం జరుగుతుందో కొంచెం చెప్పక తప్పదు.

రెండింట్లోనూ డ్రగ్స్ వ్యాపారమే, రెండూ ఐదేసి సీజన్లే, అందుకే వీటిని పక్కపక్కన పెడుతుంటారు గానీ చూడటం మొదలుపెట్టాక రెంటికీ పోలికే కనిపించదు.

2008 నుంచి 2013 దాకా వచ్చిన బ్రేకింగ్ బ్యాడ్ ఒక్క మనిషి కథ. పేరు వాల్టర్, కెమిస్ట్రీ టీచర్, యాభై ఏళ్ల వయసు, ఊపిరితిత్తుల క్యాన్సర్, ఇంట్లో డబ్బు లేదు. ఎడారిలో ప్యాంటు కూడా లేకుండా, ముఖానికి గ్యాస్ మాస్కుతో వ్యాన్ తోలుకుంటూ వచ్చే మనిషిని మొదటి నిమిషాల్లోనే చూపించి, అసలు ఇతనికి ఏమైంది అని మనల్ని కట్టిపడేస్తుంది. అక్కణ్నుంచి ప్రతి ఎపిసోడ్ ఒక చిక్కుముడి. ఒక అబద్ధాన్ని దాచడానికి ఇంకో అబద్ధం, దాన్ని కాపాడటానికి ఇంకో నేరం, ఇలా ఒకదాని మీద ఒకటి పేరుస్తూ పోతారు, ఎక్కడా ఒక్క ఇటుక కూడా వదులుగా ఉండదు. వాల్టర్‌గా బ్రయాన్ క్రాన్‌స్టన్ నటన గురించి ఎంత చెప్పినా తక్కువే. భార్య ముందు నిలబడి అబద్ధం చెప్తున్నప్పుడు అతని ముఖంలో భయమూ, ఎక్కడో కొంచెం గర్వమూ ఒకేసారి కనిపిస్తాయి. ఆ గర్వం సీజన్ సీజన్‌కీ పెరగడమే అసలు కథ. టెన్షన్ పుట్టించడంలో దీన్ని మించిన సిరీస్ నేను చూడలేదు.

2002 నుంచి 2008 దాకా వచ్చిన ది వైర్ అలా పట్టుకోదు. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో పోలీసులు, వీధుల్లో డ్రగ్స్ అమ్మే కుర్రాళ్లు, ఎవరు ఎవరో ఎవరూ పరిచయం చెయ్యరు. ఎవరి యాసలో వాళ్లు మాట్లాడుకుంటూ పోతారు. నేపథ్య సంగీతం దాదాపు ఉండదు, పాట వినిపించిందంటే అది కార్లోనో బార్లోనో మోగుతున్నదే అయి ఉంటుంది, కాబట్టి ఇక్కడ భయపడాలి, ఇక్కడ బాధపడాలి అని మనకి చెప్పేవాళ్లు లేరు. పేరులో ఉన్న ఫోన్ ట్యాపింగ్ మొదలవడానికే కొన్ని ఎపిసోడ్లు పడుతుంది. రెండు మూడు చూసి ఆపేసేవాళ్లు అందుకే అంతమంది.

అయినా నన్నడిగితే ది వైరే. కారణం ఒక్కటే, తప్పు ఒకరు చేస్తే దాని ఖరీదు ఎవరు కడుతున్నారో అది చివరిదాకా వెంటబడి చూపిస్తుంది. బ్రేకింగ్ బ్యాడ్‌లోనూ వాల్టర్ చేసిన పనులకి చుట్టూ ఉన్నవాళ్లు నలిగిపోతారు, కాదనను. కానీ కెమెరా మళ్లీ మళ్లీ అతని దగ్గరికే వచ్చేస్తుంది, మన ఆలోచన కూడా ఇప్పుడితను ఎలా బయటపడతాడు అనే దాని చుట్టూనే తిరుగుతుంది. ది వైర్‌లో అలా ఊరట ఇచ్చే హీరో లేడు. నాలుగో సీజన్ చూడండి. పోలీసు ఉద్యోగం వదిలేసిన ప్రెజ్ అనే అతను బడిలో లెక్కల మాస్టారుగా చేరతాడు. పిల్లలకి ఏం అర్థమైందన్నది పక్కనపెట్టి, పరీక్షలో మార్కులు పెరిగేలా ప్రశ్నలు రుద్దమని పైనుంచి ఒత్తిడి వస్తుంది. పోలీసు శాఖలో నేరాల లెక్కలు తగ్గించి చూపించడం కళ్లారా చూసినవాడు కాబట్టి, ఇదీ అదే ఆట అని అతనికి ఇట్టే తెలిసిపోతుంది. అంకెలు బాగుపడిన ప్రతిచోటా ఎవడో ఒక అధికారికి ప్రమోషన్ వస్తుంది. ఆ తరగతిలో కూర్చున్న మైకేల్, నేమండ్, రాండీ, డూకీ అనే నలుగురు పిల్లలకి ఏమొస్తుందో ఆ సీజన్ అంతా నెమ్మదిగా, ఎక్కడా కన్నీళ్ల కోసం పాకులాడకుండా చూపిస్తారు. టీవీలో నేను చూసినవాటిలో ఇంతకన్నా గొప్ప సీజన్ లేదు.

ఇంత కచ్చితంగా రాయగలగడానికి కారణం ఉంది. సృష్టికర్త డేవిడ్ సైమన్ బాల్టిమోర్ సన్ పత్రికలో క్రైమ్ రిపోర్టర్‌గా పనిచేశాడు. ఆయనతో కలిసి రాసిన ఎడ్ బర్న్స్ అదే నగరంలో హత్య కేసుల డిటెక్టివ్, ఆ తర్వాత బడిలో టీచర్. ఆ బడి వాళ్లు ఊహించి రాసింది కాదు. ఇంత చేసినా దీనికి ఒక్క ఎమ్మీ కూడా రాలేదు, బ్రేకింగ్ బ్యాడ్‌కి 16 వచ్చాయి. అవార్డులు చూసి ఎంచుకునేవాళ్లు ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోవాలి.

రాత్రి అలసిపోయి వచ్చి ఒక ఎపిసోడ్ చూసి పడుకుందామనుకుంటే బ్రేకింగ్ బ్యాడే సరైనది, అందులో అనుమానం లేదు. ఫోన్ చేతిలో పట్టుకుని చూసే అలవాటున్నా అదే చూడండి, ది వైర్‌లో ఒక్క మాట దాటిపోతే తర్వాతి సీన్ అర్థం కాదు.

ఇక ఇలాంటి నేర కథల సిరీస్‌లలో మిగతావి. బ్రేకింగ్ బ్యాడ్‌లోని లాయర్ కథే అయిన బెటర్ కాల్ సాల్ చాలా మంచిది, కానీ బ్రేకింగ్ బ్యాడ్ అయ్యాకే, లేకపోతే అందులోని బ్లాక్ అండ్ వైట్ సీన్లు ఏంటో తెలియదు. సోప్రానోస్ పెద్దది, 86 ఎపిసోడ్లు, దాని సంగతి విడిగా మాట్లాడాలి. నార్కోస్ కాలక్షేపానికి ఓకే.

ది వైర్ మొదలుపెడితే మాత్రం సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లకి కూడా ఆ వీధి యాస అందదు. నాలుగో ఎపిసోడ్ దాకా ఆగండి. అందులో ఇద్దరు డిటెక్టివులు ఖాళీ వంటగదిలో పాత హత్య ఎలా జరిగిందో వెతుకుతారు, ఆ సీన్ అంతా ఒక్క బూతుమాటనే రకరకాలుగా అంటూ, ఇంకేమీ మాట్లాడకుండా. తూటా ఎటునుంచి వచ్చిందో వాళ్లతోపాటు మనమూ కనిపెడతాం. అది నచ్చకపోతే నిశ్చింతగా ఆపెయ్యండి, ఈ సిరీస్ మీకు పడదు. నచ్చితే మాత్రం, రెండో సీజన్‌లో కథ ఉన్నట్టుండి ఓడరేవు కూలీల దగ్గరికి వెళ్లిందని విసుక్కుని మూడోదానికి దూకెయ్యొద్దు. సరుకు ఊళ్లోకి ఎలా వస్తోందో తెలిసేది అక్కడే, ఆ ఓడరేవులో పరిచయమైనవాళ్లతో ఐదో సీజన్‌లో మళ్లీ పని పడుతుంది.