పాత ఇత్తడి లెన్స్ కొంటున్నారా? అది కెమెరాది కాకపోవచ్చు, జాగ్రత్త

నెల్లూరు, ఒంగోలు వైపు పాత సామాన్ల అంగళ్ళలో ఇత్తడి లెన్స్‌ల కోసం వెతికేవాళ్ళు దయచేసి ఇది చదివి వెళ్ళండి. నాకు 14,000 రూపాయలు పోయాయి.

కావలిలో మా నాయన స్టూడియో నడిపేవాడు. ఆయన హాఫ్ ప్లేట్ (ఆరున్నర అంగుళాల పొడవు గాజు ప్లేటు మీద ఫోటో తీసే) చెక్క కెమెరా ఇంకా ఇంట్లోనే ఉంది. లెన్స్ మాత్రం ఎప్పుడో పోయింది. దాంతో ఒక్క ఫోటో అయినా తీయాలని నా కోరిక. నెల్లూరులో ఒక అంగడాయన తళతళలాడే ఇత్తడి గొట్టం చేతిలో పెట్టి, "అన్నా, బ్రిటిష్ వాళ్ళ కాలం నాటి స్టూడియో లెన్స్. పెట్జ్వాల్ రకం, మళ్ళా దొరకదు" అన్నాడు. మనుషుల ఫోటోలకు పేరుపడ్డ లెన్స్ అది, ఆ పేరు వినగానే నేనింకేం అడగలేదు.

ఇంటికొచ్చి చూస్తే దానికి మరలే లేవు. అట్ట చుట్టి ఎలాగో బిగించాను. వెనక బొమ్మ పడే గరుకు అద్దం (గ్రౌండ్ గ్లాస్) మీద గారె అంత వెలుగు, చుట్టూ చీకటి. అది సినిమా ప్రొజెక్టర్ లెన్స్. 35 ఎం.ఎం. ఫిల్మ్ ఫ్రేము వెడల్పు సుమారు 21 మిల్లీమీటర్లు. అంత చిన్న బొమ్మకు చేసిన లెన్స్ ఆరున్నర అంగుళాల ప్లేటును ఎట్లా నింపుతుంది?

పెట్జ్వాల్ అన్న మాట మాత్రం అబద్ధం కాదు. నేను మోసపోయింది అక్కడే. 1840లో జోసెఫ్ పెట్జ్వాల్ మనుషుల ఫోటోల కోసం లెక్కకట్టిన అద్దాల అమరికనే తర్వాత మేజిక్ లాంతర్లకు (గాజు మీది బొమ్మను గోడ మీద వేసే పాత దీపాలు), సినిమా ప్రొజెక్టర్లకు కూడా వాడారు.

ముందుగా వెలుతురు తగ్గించే ఏర్పాటు ఉందేమో చూడండి. కెమెరా లెన్స్‌కు తిప్పే రింగో, నడుమ చిల్లు రేకు దూర్చే సన్నటి చీలికో ఉంటుంది. ప్రొజెక్టర్‌కు వెలుతురంతా కావాలి కాబట్టి అవేవీ పెట్టరు. ఆ రేకుల పద్ధతి వచ్చింది 1858లో, అంతకు ముందు లెన్స్‌లకు మామూలుగా చీలిక ఉండదు. "ఇది అంతకన్నా పాతది" అని ఎవరైనా చీలిక లేనందుకు సాకు చెబితే ఇంకా గట్టిగా అనుమానించండి. బయట గొట్టం నున్నగా ఉండి, చెక్కకు బిగించే మరల పట్టీ లేకపోయినా అనుమానమే.

ఒక తెల్ల కాగితం తీసుకెళ్ళండి. అంగడి గుమ్మం బొమ్మ కాగితం మీద పడేలా లెన్స్ పట్టుకుని, లెన్స్‌కూ కాగితానికీ మధ్య దూరం కొలవండి. హాఫ్ ప్లేట్‌కు ఎనిమిది అంగుళాల దాకా రావాలి. నాది నాలుగు దగ్గరే ఆగింది.

వెనక్కి తీసుకోమంటే ఆయన ఒప్పుకోలేదు. అలాంటివే ఇంకో రెండు ఆయన అలమరలో ఉన్నాయి, తోమి పెట్టి.