ఎనిమిది లైట్ల కేబుల్ టెస్టర్: పదకొండేళ్లు వాడాక

సొంతంగా కంప్యూటర్ రిపేర్లు, చిన్న ఆఫీసుల నెట్‌వర్క్ పనులు చూసుకునేవాళ్ల బ్యాగులో ఈ కేబుల్ టెస్టర్ డబ్బా లేకుండా ఉండదు. రెండు ముక్కలుగా విడిపోతుంది. బ్యాటరీ ఉన్న పెద్ద ముక్క మాస్టర్, చిన్నది రిమోట్. నెట్‌వర్క్ కేబుల్ ఒక కొస ఇందులో, రెండో కొస అందులో గుచ్చితే, లోపలి ఎనిమిది తీగలకి ఒక్కోటి చొప్పున 1 నుంచి 8 దాకా లైట్లు వరసగా వెలుగుతాయి. షీల్డ్ (తీగల చుట్టూ లోహపు తొడుగు) ఉన్న కేబులైతే చివర్లో జీ అనే లైటు కూడా. పదకొండేళ్లుగా వాడుతున్నాను, ఇప్పుడు చేతిలో ఉన్నది మూడోది. ముందు రెండూ పోయింది నా చేతుల్లోనే, ఆ కథ తర్వాత చెబుతాను.

ముందు మంచి మాట. "ఈ ఒక్క సీట్లోనే నెట్ స్లో" అని పిలిచినప్పుడు నేను మొదట తీసేది దీన్నే. 100 ఎంబీపీఎస్ లింకుకి 1, 2, 3, 6 తీగలు ఉంటే చాలు. గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, నాలుగు జతలూ కావాలి. 4, 5, 7, 8లో ఏ ఒక్కటి తెగినా నెట్ ఆగిపోదు, 100 దగ్గర నిలబడుతుంది. కొన్నిసార్లు లింకే నిలకడగా ఉండదు. కస్టమరేమో కంప్యూటర్ పాతబడిందనుకుంటారు. టెస్టర్ పెడితే ఏడో లైటు వెలగదు, పది నిమిషాల్లో కొసకి కొత్త కనెక్టర్ క్రింప్ చేసి, అంటే ప్లగ్గు నొక్కి బిగించి, వచ్చేస్తాం. ఇలాంటి పనుల్లో ఇది నన్ను ఒక్కసారి కూడా మోసం చేయలేదు.

వాడే పద్ధతిలో ఒక మెలిక ఉంది, డబ్బా మీద ఎక్కడా రాసి ఉండదు. తీగలు తారుమారైతే ఆ సంగతి తెలిసేది రిమోట్ మీదే. మాస్టర్ మీద లైట్లు ఎప్పుడూ 1, 2, 3 అంటూ బుద్ధిగానే వెళ్తాయి. మాస్టర్ అనే పేరు చూసి దాన్ని చేతిలో పెట్టుకుని, రిమోట్‌ని అవతలి గదిలో వదిలేస్తాం. ఇద్దరు ఉంటే అరుచుకుంటూ చూసుకోవచ్చు. ఒంటరిగా పనిచేసేవాళ్లు తిరగేయాలి, అంటే మాస్టర్ అవతల, రిమోట్ చేతిలో. 1, 2 తర్వాత 6 వెలిగి, 3 ఆఖర్న ఎక్కడో వెలిగితే విషయం అర్థమైపోతుంది. ఇది తెలుసుకోవడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది. అన్నాళ్లూ మెట్లెక్కి దిగాను.

ఇక ఈ టెస్టర్ చెప్పలేనివి. ఒక ఆఫీసులో చివరి గదిలో ఫైల్ కాపీ పెడితే నత్తనడక. కేబుల్ నలభై మీటర్ల పైనే ఉంటుంది. టెస్టర్ పెట్టాను, ఎనిమిదీ వరసగా వెలిగాయి. "కేబుల్ బాగానే ఉందండీ" అనేశాను. నెట్‌వర్క్ కార్డు మార్చాను, కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్‌లో పోర్టు మార్చాను, డ్రైవర్ మళ్లీ వేశాను. మూడు సార్లు తిరిగాను. చివరికి స్విచ్ పేజీలో ఆ పోర్టు లెక్కలు చూస్తే సీఆర్‌సీ ఎర్రర్లు, అంటే దారిలో పాడై వచ్చిన డేటా లెక్క, కళ్ల ముందే పెరుగుతున్నాయి. అప్పుడు కనెక్టర్‌ని వెలుగులో పెట్టి చూశాను. నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, ఆకుపచ్చ, నీలం తెలుపు, నీలం... చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో! ఎవరో జతలు జతలుగా పక్కపక్కన పేర్చేశారు, రెండో వైపు కూడా అచ్చం అలాగే.

టెస్టర్ దృష్టిలో అది తప్పు కాదు. ఒకటో తీగ ఒకటికి, రెండోది రెండుకి చేరింది, అది చూసేది అంతే. కానీ సిగ్నల్ వెళ్లే జతలు 1-2, 3-6, 4-5, 7-8. ఒకదానితో ఒకటి మెలిపెట్టిన రెండు తీగల్లో ఒకే సిగ్నల్ ఎదురెదురు రూపాల్లో వెళ్తేనే బయటి గోల కొట్టుకుపోతుంది. మూడు ఒక మెలికలో, ఆరు ఇంకో మెలికలో పడితే ఆ లాభం పోయి, జతల సిగ్నళ్లు ఒకదానిలోకి ఒకటి కారతాయి. దీన్నే స్ప్లిట్ పెయిర్ అంటారు. రెండు మీటర్ల ముక్కలో ఇదే తప్పు చేసినా చాలాసార్లు పనిచేసేస్తుంది, అందుకే చేసినవాళ్లకి తప్పని తెలియదు. టీ568బీ అనే ప్రామాణిక రంగుల వరసలో రెండు కొసలూ మళ్లీ క్రింప్ చేశాక ఎర్రర్లు ఆగిపోయాయి. మూడు సార్లు తిరిగిన ఖర్చు మాత్రం నాదే. కేబుల్ బాగుందని నోటితో అన్నది నేనే కదా.

రెండో అనుభవం కెమెరాది. పీవోఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు కూడా పంపే పద్ధతి) మీద నడిచే కెమెరా పగలంతా శుభ్రంగా పనిచేసి, చీకటి పడగానే ఆగిపోతుంది. మళ్లీ లేస్తుంది, మళ్లీ పడుతుంది. ఎనిమిది లైట్లూ ఓకే. స్విచ్ అనుమానించాను, కెమెరా మార్పించాను, కొత్తదీ అదే వరస. చీకట్లో కెమెరా తన ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలిగించుకుంటుంది, కరెంటు ఎక్కువ లాగుతుంది. డెబ్భై మీటర్ల కేబుల్ ఆ కరెంటుని మోయలేక మధ్యలోనే వోల్టేజీ జారవిడుస్తోంది. తీగని బ్లేడుతో గీస్తే పైన రాగి రంగు, లోపల తెల్లగా అల్యూమినియం. సీసీఏ అంటారు దీన్ని, అల్యూమినియం మీద రాగి పూత. క్యాట్5ఈ, క్యాట్6 అనే నెట్‌వర్క్ కేబుల్ ప్రమాణాల ప్రకారం లోపల కూడా రాగే ఉండాలి.

టెస్టర్‌కి ఆ తేడా తెలియదు. దాని దీపం వెలగడానికి పిసరంత కరెంటు చాలు. అప్పటి నుంచి పీవోఈ ఉన్న ప్రతి పొడవాటి కేబుల్‌కీ మల్టీమీటర్ కూడా పెడుతున్నాను. అవతలి కొసన ఒక జత రెండు తీగల్నీ కలిపేసి, ఇవతల ఓమ్స్ (తీగ నిరోధం) చూడటమే. వంద మీటర్ల రాగి క్యాట్5ఈకి ఈ రీడింగ్ 19 ఓమ్స్ దాటకూడదు. ఆ లెక్కన డెబ్భైకి 13 చుట్టూ దాటకూడదు, నాకు కనబడింది 20కి దగ్గరగా. కేబుల్ మొత్తం లాగి మార్చాం.

ఇప్పుడు పోయిన రెండింటి కథ. మొదటిది పీవోఈ వల్లే కాలింది. 802.3ఏఎఫ్ అనే పీవోఈ ప్రమాణం ప్రకారం చేసిన స్విచ్ అవతల నిజంగా పీవోఈ పరికరం ఉందో లేదో తడిమి చూశాకే కరెంటు పంపుతుంది. కేబుల్‌లోకి నేరుగా కరెంటు ఎక్కించే పాసివ్ ఇంజెక్టర్‌కి ఆ మర్యాద లేదు, గుచ్చితే చాలు, పంపేస్తుంది. ఏ కేబుల్ ఎక్కడికి వెళ్తుందో చూసుకోకుండా మాస్టర్ గుచ్చాను. వాసన వచ్చింది, అంతే. అప్పటి నుంచి కేబుల్ రెండో కొస కళ్లతో చూడందే టెస్టర్ పెట్టను.

రెండోది నెమ్మదిగా చచ్చింది. అందులో ఫోన్ వైర్ కోసం ఆర్‌జే11 సాకెట్ కూడా ఉంది. హడావిడిలో ఫోన్ ప్లగ్గుని పెద్ద సాకెట్లో దూర్చాను. ప్లగ్గు అంచులు సాకెట్లోని ఒకటో స్ప్రింగునీ ఎనిమిదోదాన్నీ వంచేశాయి. ఆ తర్వాత ఒకటి, ఎనిమిది లైట్లు ఒకసారి వెలిగి ఇంకోసారి వెలగకుండా ఏడిపించాయి. నేను కనెక్టర్ తప్పనుకుని ఒకే కొసని నాలుగు సార్లు కత్తిరించి క్రింప్ చేశాను. గోడ పెట్టెలో కేబుల్ పొట్టిదైపోతుంటే చెమటలు పట్టాయి. ఇప్పుడు ఫ్యాక్టరీలో చేసిన ప్యాచ్ కార్డ్ (పొట్టి కేబుల్) ఒకటి బ్యాగులో ఉంచుకుంటాను. పని మొదలుపెట్టే ముందు దాంతో టెస్టర్‌నే టెస్ట్ చేస్తాను.

చిన్న గోల ఒకటి. పక్కనుండే జారుడు స్విచ్ బ్యాగులో రాసుకుని తనంతట తానే ఆన్ అయిపోతుంది. 9 వోల్టుల బ్యాటరీ అయిపోయిందంటే పది సార్లలో ఎనిమిది సార్లు కారణం ఇదే. ఇన్సులేషన్ టేప్ ముక్క వేశాను. ఇంతకన్నా గొప్ప పరిష్కారం నాకు దొరకలేదు.

బిల్లు రాసే పద్ధతి కూడా మారింది. ఇదివరకు "కేబుల్ టెస్ట్ చేసి ఇచ్చాం" అని రాసేవాణ్ణి. ఇప్పుడు "కంటిన్యుటీ (తీగలు తెగలేదని), తీగల వరస చూశాం" అని రాస్తాను. కస్టమర్ గిగాబిట్ అడిగితే వేగం కొలిచే ఐపెర్ఫ్3 ప్రోగ్రామ్ పెట్టి అంకె చూపిస్తాను. లింకు బాగుంటే 940 ఎంబీపీఎస్ దగ్గర ఉంటుంది, 94 కనిపిస్తే చాలాసార్లు ఎక్కడో తీగ పోయినట్టే. ఆ అంకె బిల్లు మీద రాసిచ్చాక "మీరు వేసినప్పటి నుంచే స్లో" అనే ఫోన్లు బాగా తగ్గాయి.

కొనేవాళ్లకి నా సలహా: తీసుకోండి, కానీ రిమోట్ విడిగా వచ్చేది, నెమ్మది మోడ్ ఉన్నది చూసుకోండి. మామూలు వేగంలో ఏ లైటు ముందు వెలిగిందో కన్ను పట్టుకోలేదు. స్ప్లిట్ పెయిర్‌ని కూడా పట్టే వైర్‌మ్యాప్ (ఏ తీగ ఎక్కడికి చేరిందో చూపే) టెస్టర్లు వేరే ఉన్నాయి. నెలకి రెండు మూడు చోట్ల కొత్త కేబులింగ్ చేసేవాళ్లు నేరుగా వాటికే వెళ్లడం మంచిది. క్రాస్‌టాక్, అంటే జతల సిగ్నళ్లు ఒకదానిలోకి ఒకటి కారడం, కొలిచి రిపోర్ట్ ఇచ్చే సర్టిఫయర్లు నాలాంటి వాళ్లు కొనే స్థాయివి కావు. అలాంటి రిపోర్ట్ అడిగిన కాంట్రాక్టులు ఇప్పటికి రెండే వచ్చాయి. రెండు సార్లూ అద్దెకి తెచ్చుకున్నాను, ఆ అద్దె కొటేషన్‌లో ముందే వేశాను.