యాంప్ గ్రౌండ్: డిక్కీలో బాడీకా, బ్యాటరీ దాకా వైరా?

పాట గట్టిగా పెట్టి బేస్ పడగానే కార్లో నా యాంప్ (స్పీకర్లకి పవర్ ఇచ్చే యాంప్లిఫైయర్) ప్రొటెక్ట్ లైట్ వేసుకుని ఆగిపోయేది, యాంప్ పోయిందనే అనుకున్నా గానీ తప్పు గ్రౌండ్‌ది, అంటే యాంప్ నెగటివ్ వైర్ కనెక్షన్‌ది.

చాలామంది చేసేది డిక్కీలో బాడీకి బిగించడం. వైర్ అర మీటర్ లోపే సరిపోతుంది, ఖర్చు తక్కువ, కానీ పెయింట్ మీదే బోల్ట్ బిగిస్తే ఏం లాభం, రేకు మెరిసేదాకా గీకాలి, వైర్ చివర రింగ్ టెర్మినల్ (బోల్ట్ దూరే రింగ్) పెట్టి టైట్ చేశాక తుప్పు పట్టకుండా పైన కాస్త గ్రీజ్ రాయాలి. సీట్ బెల్ట్ బోల్ట్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

రెండోది నెగటివ్ వైర్ కూడా బ్యాటరీ దాకా లాగడం. నాలుగైదు మీటర్ల మందపాటి రాగి వైర్ అంటే జేబుకి చిల్లే, పైగా స్టీరియో గ్రౌండ్ ఒకచోట, యాంప్‌ది ఇంకోచోట ఉంటే ఇంజిన్ రేజ్ చేసినప్పుడల్లా కుయ్ మని సౌండ్ రావచ్చు. చాలా కొత్త కార్లలో బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ మీద వచ్చే పోయే కరెంట్ లెక్కేసే సెన్సార్ ఉంటుంది, నేరుగా అక్కడ తగిలిస్తే దాని లెక్క తప్పుతుంది.

ఏది పెట్టినా మల్టీమీటర్ డీసీ వోల్టేజ్‌లో ఉంచి ఒక ప్రోబ్ యాంప్ గ్రౌండ్ మీద, ఇంకోటి బ్యాటరీ నెగటివ్ మీద పెట్టి పాట గట్టిగా పెట్టండి. 0.5 వోల్ట్ దాటితే గ్రౌండే తేడా. నాది 1 పైన చూపించింది, గీకి మళ్లీ బిగిస్తే 0.1కి దిగింది. మామూలు యాంప్‌కి నా ఓటు బాడీకే, వైర్ లాగేది ఫైబర్ బాడీ బండ్లకి.