డోర్నకల్ ఎపిఫనీ కెథీడ్రల్ యాత్ర: ప్రయాణం బాగుంది, చరిత్ర చెప్పిన తీరు సరిపోలేదు

హన్మకొండలోని ఒక ట్రావెల్స్ వారు నడుపుతున్న డోర్నకల్ ఒకరోజు యాత్రలో ప్రయాణపు ఏర్పాట్లకు వంక పెట్టడానికి లేదు. బస్సు చెప్పిన వేళకు బయలుదేరింది, భోజనం శుభ్రంగా ఉంది, పెద్దవాళ్లను దగ్గరుండి ఎక్కించి దింపారు. కానీ ఈ యాత్రకు ప్రాణమైన ఎపిఫనీ కెథీడ్రల్ (బిషప్ పీఠం ఉండే ప్రధాన చర్చి) చరిత్రను గైడ్ "ఇంగ్లీషు దొరలు కట్టిన చర్చి" అన్న ఒక్క మాటతో ముగించడం నాకు చాలా బాధ కలిగించింది.

మెదక్ కెథీడ్రల్ గురించి ఆ మాట అంటే కొంత చెల్లుతుంది. దానికి పూనుకున్నది బ్రిటన్‌లోని వెస్లియన్ మెథడిస్టు శాఖ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్. డోర్నకల్ కెథీడ్రల్ మాత్రం తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టి, తెలుగు నేర్చుకుని, నాటి నిజాం రాజ్యంలోని ఈ ఊరినే తన కార్యక్షేత్రంగా చేసుకున్న వేదనాయగం శామ్యూల్ అజరయ్య సంకల్పం. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో, పాశ్చాత్య మిషనరీలు భారతీయులకు సేవతో సరిపెట్టకుండా స్నేహం కూడా పంచాలని వారి ఎదుటే నిలబడి కోరిన ఆయన, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో (ఇంగ్లండ్ చర్చి సంప్రదాయపు సంఘం) తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఒక భారతీయుడికి అంతటి అధికారం ఇవ్వడమేమిటన్న అభ్యంతరాలు అప్పట్లో గట్టిగానే వచ్చాయి.

ఈ సంగతి తెలిసి చూస్తేనే ఆ కట్టడం మనతో మాట్లాడుతుంది. పైన గుమ్మటాలు, మినార్లు మసీదు వాస్తును తలపిస్తే, లోపలి స్తంభాలు దేవాలయ మండపాన్ని గుర్తుకు తెస్తాయి; ఈ నేల మీది శిల్పరీతుల్లోనే క్రైస్తవ ఆరాధన సాగాలన్న అజరయ్య పట్టుదల అందులో స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన బిషప్ అయిన 26 ఏళ్లకు, 1939 జనవరి 6న, క్రీస్తు లోకానికి ప్రత్యక్షమైనందుకు జరుపుకునే ఎపిఫనీ పండుగనాడే ఆలయ ప్రతిష్ఠ జరిగింది. 1945 జనవరి 1న ఆయన కన్నుమూశారు. 1947లో డోర్నకల్ అధ్యక్ష మండలం (బిషప్ పాలనలోని ప్రాంతం, డయోసిస్) దక్షిణ ఇండియా సంఘంలో (సి.ఎస్.ఐ.) భాగమైంది.

ప్రయాణానికి ఐదుకు నాలుగున్నర, చరిత్ర వివరణకు రెండు మార్కులు ఇస్తాను. ఫోటోలకు ఇచ్చిన సమయంలో సగమైనా స్తంభాల దగ్గర నిలబడి చెప్పడానికి కేటాయిస్తే, మా బంధువులందరికీ ఇదే యాత్ర చెబుతాను. అంతవరకు, ఈ చరిత్ర మీద ఆసక్తి ఉన్నవారు కాజీపేట–విజయవాడ మార్గంలో ఉన్న డోర్నకల్ జంక్షన్‌కు రైల్లో వెళ్లి, ఆరాధన లేని వేళ చూసుకుని, తీరిగ్గా దర్శించడం మేలు.